మంద కుక్కకు నెత్తురు జాడ నేర్పిన యేడు

నెత్తురు నాకిన కుక్క మందలో ఉండకూడదు. మా మామ మందకు ఉన్న చట్టం ఇదొక్కటే. నేను సంగటి మాడబెట్టినా నోరెత్తకుండా తినే మనిషి, ఎరువు కోసం చేలో మంద పెట్టించుకున్న రైతు ఇస్తానన్న గింజలు ఎగ్గొట్టినా "పోనీలేప్పా" అని ఊరుకునే మనిషి, ఈ ఒక్క మాట దగ్గర మాత్రం రాయి. గొర్రె నెత్తురు ఒకసారి నాలుక మీద పడిందంటే ఆ కుక్క కాపలా మరిచిపోతుందని, రేపు గొర్రెపిల్లలను అదే తింటుందని ఆయన నమ్మకం. ఆయనదే కాదు, కదిరి చుట్టుపక్కల గొర్రెలు కాసే ఏ ముసలాయనను అడిగినా అదే చెప్తాడు.

అట్లాంటి మందలో నేను ఒక కుక్కకు నెత్తురు జాడ పట్టుకుని పోవడం నేర్పించాను. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలిసే అడగలేదు. ఈమె గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటారేమో, అనుకోండి. గొప్ప పనే చేశాను, చెప్పుకోకుండా ఎట్లా ఉంటాను?

మామ అంటే మా అమ్మకు సొంత అన్న. మేనరికం కాబట్టి ఆయన ముందు తల వంచుకుని నిలబడే కోడల్ని కాను నేను. చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి ఆడినదాన్ని. మాటకు మాట చెప్పడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆ సంగతి ఆయనకే చాలాసార్లు గుర్తు చేశాను. మా ఆయన కదిరిలో ఆటో నడిపేవాడు. గొర్రెల వెనక నడవమంటే కాళ్ళు నొప్పులనేవాడు. దాంతో మామకు తోడుగా మంద వెంట నేనే పోయేదాన్ని. అత్త ఇల్లూ, పండినా పండకపోయినా ఆ ఉన్న కాస్త చేనూ చూసుకునేది.

రెండువేల సంవత్సరం దాటాక వరుసగా కరువులొచ్చాయి. శెనక్కాయ చేలు పూత మీదే ఎండిపోయేవి. పైరు ఉంటే కదా కోసిన చేలో గొర్రెలు మేసేది! మేత కోసం మందను గుట్టల్లోకి దూరదూరం తోలుకుని పోవలసి వచ్చింది. ఆ గుట్టల్లో తోడేళ్ళు ఉండేవి. అవి ఎత్తుకుపోయిన గొర్రె పోయినట్టే, దానికి ఏడ్చి లాభం లేదు. నా కడుపు మండేది ఇంకో రకం దానికి. తోడేలు వచ్చి గొర్రె తొడ పట్టుకుంటుంది. కుక్కలు మీద పడతాయి, మేము కేకలు పెడతాం, అది వదిలేసి పోతుంది. దెబ్బ తిన్న గొర్రె మాత్రం బెదిరిపోయి మందను విడిచి పరుగెత్తి, ఏ బండ సందులోనో, ఏ రేగి కంపలోనో దూరి పడుకుంటుంది. మేకయితే ఊరంతా వినపడేటట్టు అరుస్తుంది. గొర్రె అరవదు. మనం పక్కనే నడిచి పోతున్నా కిక్కురుమనదు. మరుసటి రోజు కాకులు తిరుగుతుంటే తెలిసేది అది యాడ ఉందో. గాయం కడిగి, పసుపూ వేపనూనే పెడితే లేచి నడవాల్సిన గొర్రె, మాకు వెతకడం చేతకాక చచ్చేది. అట్లా ఒకదాన్ని చూసినప్పుడల్లా నాకు తోడేలు మీద కంటే మా మీదనే కోపం వచ్చేది.

"దాని గీత అంతే మే," అనేవాడు మామ.

"గీత కాదు మామా, మన కండ్లు అంతే," అనేదాన్ని నేను.

నా పుట్టినిల్లు పామిడి దగ్గర, పెన్న ఒడ్డున. నా చిన్నప్పుడు మా వీధి చివర ఒక వేటాయన ఉండేవాడు. విల్లుతో అడవి పందులను కొట్టేవాడు. ఇప్పుడు అట్లా వేటాడితే జైల్లో వేస్తారు, మంచిదే. కానీ ఆయన చెప్పిన ఒక మాట నా బుర్రలో ఉండిపోయింది. బాణం తగలగానే పంది పడిపోతుందని నేననుకునేదాన్ని. పడదట. తగిలిన బాణంతోనే చాలా దూరం పోతుందట. ఆయన దాన్ని తరమడు. కూర్చుని ఆకూ వక్కా వేసుకుంటాడు. తరిమితే ఇంకా దూరం పోతుంది, వదిలేస్తే దగ్గరలోనే పడుకుంటుంది అనేవాడు. తర్వాత నిమ్మళంగా లేచి, తన కుక్క మెడకు పొడుగాటి తాడు కట్టి, దాని ముక్కు ఎటు లాగితే అటు నడుస్తాడు. కుక్కను మాత్రం చచ్చినా విడవడు. పందిని వెతకడానికి పనికొచ్చిన విద్య గొర్రెను వెతకడానికి ఎందుకు పనికిరాదు? ఈ ఆలోచన నాకు ఎంత ఆలస్యంగా తట్టిందో తలచుకుంటే ఇప్పటికీ తిక్క రేగుతుంది.

ఆ యేడు మా మంద కుక్క పిల్లలు పెట్టింది. సంగటి ముద్ద చేసి రాళ్ళ కింద దాచి పెట్టేదాన్ని. పిల్లలన్నీ వచ్చి నా మొహం చూసి తోకలూపేవి, పెట్టమని. ఒక్కటి మాత్రం నన్ను లెక్కచేయకుండా ముక్కు నేలకు ఆనించి, రాళ్ళన్నీ వాసన చూసుకుంటూ పోయి ముద్ద బయటికి లాగేది. నల్లది, ఆడది. మా దగ్గర మంద కుక్కలకు పేర్లుండవు, రంగే పేరు. కాబట్టి అది నల్లది. నా మొహం కంటే తన ముక్కును ఎక్కువ నమ్మింది, అందుకే దాన్ని పట్టుకున్నాను.

ఆదివారం మటన్ కొట్టే ఆయన దగ్గర నెత్తురు అడిగి సీసాలో తెచ్చేదాన్ని. గడ్డకట్టకుండా ఉప్పు వేసి పుల్లతో తిప్పాలి. మొదటిసారి తెచ్చినప్పుడు మా అత్త మహా సంబరపడింది, వేపుడు చేస్తాననుకుంది. ఉల్లిగడ్డలు కూడా తరిగి పెట్టింది పాపం. నేను సీసా మూతకు బొక్క పెట్టి పెరటి నుంచి చేను దాకా చుక్కలు చల్లుకుంటూ పోతుంటే వెనకాలే వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇంట్లో మనుషులకు వేపుడు లేదు గానీ, దోవలో చల్లేకి తెచ్చినావా? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుండాది నీ యవ్వారం!"

"మామకు చెప్పొద్దత్తా."

"నేను చెప్పను. చెప్పే పని గూడా లేదు. ఆయప్ప ముక్కు నీ కుక్క ముక్కు కంటే సురుకు."

మొదట చిన్న జాడ. మంచు తడి ఆరకముందు, మెత్తటి దున్నిన నేల మీద. చివర ఒక గొర్రె తోలు ముక్క. నల్లది తాడు మీద నెత్తురు చుక్కలు వాసన చూసుకుంటూ పోయి తోలు దగ్గర ఆగాలి. ఆగి కూర్చోవాలి. కూర్చుంటే నా ఒడిలోని సంగటి ముద్ద దానికి. తోలుకు నోరు తగిలించిందా, "ఊహూ" అని తాడు లాగి ఇంటికి తీసుకొచ్చేదాన్ని, ముద్దా లేదు గిద్దా లేదు. జాడ పట్టడం దానికి రెండు మూడు వారాల్లో వచ్చేసింది. నోరు కట్టుకోవడం రావడానికి ఎండాకాలమంతా పట్టింది. మనుషులకే రాని విద్య అది, మా వీధిలో కొందరికి ఇప్పటికీ రాలేదు. నల్లదానికి వచ్చింది. తోలు ముందర కూర్చుని, దానికేసి చూడకుండా నాకేసి చూసేది. ఆ చూపు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కానీ అందులో ఒక మోసం జరిగిందని ఆలస్యంగా కనిపెట్టాను. ఒకరోజు నెత్తురు చల్లుతూ పోయి, మధ్యలో దాహమై బావి దాకా పోయి నీళ్ళు తాగి వచ్చాను. తర్వాత నల్లదాన్ని తీసుకొస్తే, అది చక్కగా బావి దాకా పోయి, నేను నీళ్ళు తాగిన చోట కూర్చుని ముద్ద కోసం నా చెయ్యి చూసింది! ఇన్నాళ్ళూ అది పోయింది నా చెప్పుల వాసన వెంట, నెత్తురు వెంట కాదు. ఓరి దీని తెలివి మండా, అనుకున్నాను. తిట్టాలో నవ్వాలో తెలియలేదు.

దానికి మందు మా ఆయనే చెప్పాడు, ఆటోవాడి బుర్ర కదా. మనిషి నడిచాడని తెలియకుండా గొర్రే నడిచినట్టు ఉండాలి, అంతే కదా అన్నాడు. మటన్ కొట్టు నుంచి గొర్రె కాళ్ళు తెచ్చి, గిట్టలు నేలకు ఆనేటట్టు తన చెప్పుల కింద కట్టుకున్నాడు. సెలవు రోజుల్లో ఆ గిట్టల చెప్పులేసుకుని, చేతిలో నెత్తురు సీసాతో, పడతానేమోనని చేతులు చాచుకుంటూ తంగేడు పొదల మధ్య నడిచేవాడు. నడిచి, దూరంగా తిరిగి ఇంకో దోవన వచ్చేవాడు. అప్పటి నుంచి నల్లదానికి అసలు చదువు మొదలయింది. పొద్దున చల్లిన జాడను మధ్యాహ్నం పట్టేది. ఎండిన వాగును మేము వంక అంటాం, ఆ వంక దాటిన జాడ పట్టేది. చుక్కలు ఆగిపోయిన చోట నిలబడి, తల ఎత్తి గాలి చూసుకుని, మళ్ళీ గిట్ట వాసన వెతుక్కునేది.

ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. "ఏమన్నా, మీ ఇంట్లో గొర్రె రెండు కాళ్ళ మీద నడుస్తాండాదంటే?" అని ఆటో ఎక్కినవాళ్ళంతా అడిగేవాళ్ళట. ఆ నవ్వు మామ చెవిన పడకుండా ఉంటుందా? ఒకరోజు మా ఆయన గిట్టలతో వస్తుంటే ఎదురుగా మామ నిలబడి ఉన్నాడు. వెనక తాడు పట్టుకుని నేను. తాడు చివర, నెత్తురు చుక్క మీద ముక్కు పెట్టి నల్లది.

"ఏందిరా ఇది?"

"నీ కోడల్నే అడుగు నాయనా," అని మా ఆయన గిట్టలు టకటకలాడించుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. అంతే, కట్టుకున్నవాడి ధైర్యం.

"ఏమ్మీ, నెత్తురు చల్లి కుక్కకు రుచి మప్పుతాండావా? మందను నాశనం చెయ్యల్లని ఉండాదా నీకు?"

"రుచి కాదు మామా, వాసన. నోరు పెట్టదు అది."

"కుక్కకు వాసనకూ రుచికీ తేడా యాడుంటాది?"

"కదిరిలో హోటల్ ముందర పోతే నీకూ వాసన వస్తాది గదా. లోపలికి దూరి ఇస్తరాకులు లాక్కొని తింటాండావా?"

ఇంకో రోజైతే నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. కట్టె నేలకు పొడిచి, నా మొహం చూడకుండా కుక్కను చూస్తూ మాట్లాడాడు.

"ఒకటే మాట. దీని నోరు గొర్రె మీద పడినట్టు నా కంటికి అగుపడిందంటే, ఆ పొద్దే ఈ కట్టెతో కొట్టి సంపుతా. నువ్వు కాళ్ళు పట్టుకున్నా ఇనను. సమ్మతమైతే ఉంచుకో. లేకుంటే ఇప్పుడే ఆటోలో ఏసి కదిరిలో ఇడ్సిపెట్టి రండి."

"సమ్మతమే," అన్నాను.

నా నోటి దురుసు నాకు తెలుసు. అనేశాకే ఆలోచించాను. తోలు ముక్క ముందర కూర్చోవడం వేరు, నెత్తురు కారుతూ కొట్టుకుంటున్న ప్రాణమున్న గొర్రె ముందర కూర్చోవడం వేరు. పైగా తోడేలు గాటు పక్కన కుక్క గాటు ఉందని ఎవరైనా అంటే తేల్చేదెవరు? మామే. పోలీసూ ఆయనే, జడ్జీ ఆయనే. నేను చేయగలిగిందల్లా ఒకటే, ఏ పరిస్థితిలోనూ తాడు విడవకుండా ఉండడం. మంద దగ్గర మిగతా కుక్కలు స్వేచ్ఛగా తిరుగుతుంటే నల్లది నా నడుముకు కట్టిన తాడుతో నా పక్కనే ఉండేది.

ఆ శ్రావణంలో ఒక పూట మోడం పట్టి ఉంది. వాన వస్తుందో రాదో చెప్పడానికి లేదు. మా దగ్గర మోడాల మాట నమ్మేవాళ్ళు లేరు. మందను గుట్ట కింద బోదగడ్డిలో మేపుతున్నాం. ఎడమ పక్క ఒక తోడేలు కనపడింది. కుక్కలన్నీ దాని మీదికి పోయాయి. అది వాటిని దూరంగా లాక్కుపోయింది. అప్పుడు కుడి పక్క నుంచి ఇంకోటి వచ్చింది. అవి జంటగా వస్తే చేసే పని అదే, తెలిసి కూడా ప్రతిసారీ మోసపోతాం. మామ కట్టె విసిరి కేక పెట్టాడు. నేను రాళ్ళు రువ్వాను. తోడేలు పట్టుకున్నదాన్ని వదిలి వంక వైపు పరుగెత్తింది. మంద చెదిరిపోయింది.

అప్పుడు మామ, తరతరాలుగా గొర్రెల కాపరులు చేసే పనే చేశాడు. మందనంతా ఒకచోటికి మలిపి, రెండు బండల మధ్యగా తోలుతూ లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఏది పోయిందో తెలియాలి కదా మరి. కానీ ఆయన మలిపింది సరిగ్గా తోడేలు పట్టుకున్న చోటు మీదుగా! ఉన్న నెత్తురు చుక్కల మీద మందంతా నడుస్తోంది.

"మలపొద్దు మామా! జాడ పోతాది!"

"లెక్క లేకుండా ఏది పోయిందో నీ కుక్క చెప్తాదా?"

లెక్క అయింది. పోయింది ఏదో తెలిసింది. తల్లి చచ్చిపోతే మామ తన చేత్తో సీసా పాలు తాపి పెంచిన గొర్రె, ఆయన కంబళి అంచు నమలడం అలవాటున్న గొర్రె. ఆయన మొహం వాడిపోయింది.

నడుముకు కట్టిన తాడు విప్పి చేతికి చుట్టుకుని, నల్లదాన్ని ఆ తొక్కిన నేల మీదికి తీసుకుపోయాను. అన్నీ గొర్రె వాసనలే, అన్నీ గిట్ట వాసనలే. అది అటు తిరిగింది, ఇటు తిరిగింది, చివరకు కూర్చుని నా చెయ్యి చూసింది.

"సంగటి అడుగుతాండాది," అన్నాడు మామ. ఎగతాళి కూడా లేదు ఆ గొంతులో. తిరిగొచ్చిన కుక్కలను మందకు కాపలా ఉంచి, కట్టె తీసుకుని తోడేలు పోయిన వంక వైపు నడిచాడు. ఎప్పటిలాగే గొర్రెను పిలుస్తూ, కేకలు పెడుతూ.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పని కాదు. బుర్ర పెట్టాలి. మంద తొక్కిన నేల మధ్యలో ఏముంటుంది? జాడ బయటికి పోయిన చోటు మంద అంచున కదా ఉండాలి. నల్లదాన్ని లేపి, తొక్కిన నేలకు బయట బయటగా, చుట్టూ తిప్పుకొచ్చాను. వంక వైపు ఏమీ లేదు. చేల వైపు ఏమీ లేదు. గుట్ట వైపుకు వచ్చేసరికి దాని తోక గట్టిపడింది. తాడు బిగుసుకుంది. తంగేడు ఆకు మీద, శెనగ్గింజంత, ఒకే ఒక్క చుక్క.

"మామా! ఇట్ల పోయినాది! ఎగువకు!"

"దెబ్బ తగిలిన గొర్రె గుట్ట ఎక్కదు మే!" అని వంకలోంచే అరిచాడు.

ఎక్కదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ నా చేతిలో తాడు ఎగువకు లాగుతోంది. వెనక్కి తిరిగి చూడకుండా దాని వెంట పోయాను. మధ్యలో పెద్ద పరుపు బండ. బండ మీద వాసన నిలవదు. నల్లది ఆగింది. నేనూ ఆగాను, నోరు మూసుకుని. నేను నోరు మూసుకోవడం అంటే మాటలు కాదు. సన్నగా తుంపర మొదలయింది. వాన కోసం ఎన్ని యేండ్లు మొక్కుకున్నామో, ఆ ఒక్క పూట మాత్రం రావద్దని మొక్కాను. నల్లది బండ అంచు వెంబడి నెమ్మదిగా పోయి, బీటలో మొలిచిన గడ్డి దగ్గర ముక్కు ఆనించి, ఒక్కసారిగా ముందుకు దూకింది. బందారు పొదలు దాటి రెండు పెద్ద రాతి గుండ్ల మధ్య సందు ముందుకు తీసుకుపోయింది. సందు అంచున తడి నెత్తురు.

ఆ సందులో కుక్క పడుతుంది, నేను పట్టను. తాడు పొడుగంతా లోపలికి పోయింది. ఇంకా లాగుతోంది. పట్టుకుంటే గొర్రె ఉందో లేదో తెలియదు. విడిస్తే, నెత్తురు కారుతున్న గొర్రె, నల్లది, ఇద్దరే చీకటి సందులో. అన్నాళ్ళూ విడవనన్న తాడు. విడిచాను.

లోపల చప్పుడు లేదు.

మామ ఆయాసపడుతూ పైకి వచ్చాడు. నేను ఎంతకూ తిరిగి రాకపోయేసరికి వంక విడిచి వచ్చినట్టున్నాడు. నా ఖాళీ చేతులు చూశాడు.

"తాడు యాడ?"

"విడిసిపెట్టినా."

ఆయన కట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు. గుండ్ల వెనక నుంచి ఎక్కితే పై నుంచి లోపలికి చూడవచ్చు. ఇద్దరం ఎక్కాం. ఎక్కేంతసేపూ నేను దేవుళ్ళను మొక్కలేదు, నల్లదాన్నే మొక్కాను. కూర్చో తల్లీ, కూర్చో నా తల్లీ, అని.

కూర్చుని ఉంది.

గొర్రె గుండ్ల మూలలో ఇరుక్కుని పడి ఉంది. తొడ చీరుకుపోయి, కడుపు ఎగిసెగిసి పడుతూ, బతికి ఉంది. దానికి జానెడు దూరంలో నల్లది. మూతి తడిగా శుభ్రంగా ఉంది. నెత్తురు బొట్టు లేదు. నోట్లోంచి మాత్రం చొంగ దారగా కారుతోంది, ముందు కాళ్ళు వణుకుతున్నాయి. ఆశ లేక కూర్చోలేదు అది. అంత ఆశ పెట్టుకుని కూర్చుంది. పైన నా తల కనపడగానే ఒక్కసారి అరిచింది.

నేను అడ్డదిడ్డంగా కిందికి దిగి, మోకాలు చెక్కుకుపోయినా చూసుకోకుండా, ఒడిలోని ముద్ద మొత్తం దాని నోట్లో పెట్టాను. దాని తల పట్టుకుని ముద్దులు పెట్టాను. నా కూతురికి పదో తరగతిలో ఫస్ట్ క్లాస్ వచ్చినప్పుడు కూడా నేను అంత ఎగరలేదు. ఈ మాట మా పిల్ల ముందర ఎప్పుడూ అనలేదు లెండి, అంటే ఊరుకోదు.

మామ దిగి వచ్చి గొర్రె పక్కన గొంతుక్కూర్చున్నాడు. గాయాన్ని వేళ్ళతో విప్పి చూశాడు. తోడేలు కోర గాట్లు తప్ప ఇంకేమీ లేవు. కంబళి కొంగు చించి తొడకు కట్టు కట్టాడు. తర్వాత నల్లదాని మూతి పట్టుకుని, పెదవి ఎత్తి, పండ్లు చూసి, వేలితో తుడిచి వాసన చూశాడు. అది చూడనిచ్చింది.

నేను మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఎండాకాలం నుంచి దాచిపెట్టుకున్న మాటలవి. "ఇప్పుడేమంటావు మామా? వాసనకూ రుచికీ తేడా యాడుండాదో కనపడినాదా?" నోటి దాకా వచ్చాయి.

అంతలో ఆయనే మాట్లాడాడు. నాతో కాదు, కుక్కతో అన్నట్టు.

"నాకూ ఒకటి ఉండ్య. ఎర్రది. మీ అమ్మకు పెండ్లి గూడా కాలేదు అప్పుడు. తోడేలు పడిన పొద్దు గొర్రె ఒకటి పోయింది. మాపటేళ కంపలో దొరికినాది, సచ్చి. పక్కన ఎర్రది కూసోనుండ్య. మూతికి నెత్తురుండ్య."

నల్లదాని మూతి మీది చెయ్యి ఆయన ఇంకా తీయలేదు.

"గాయం తోడేలుదా, దానిదా అని సూడలేదు మే. నాకినాదేమో, నాయాలిది, గొర్రె లేస్తాదేమోనని నాకినాదేమో. నేను కట్టె ఎత్తితే పరిగెత్తలేదు. నేను దేనికొచ్చినానో దానికేం తెలుసు? తోకాడిచ్చినాది."

తుంపర మా ఇద్దరి మీదా పడుతోంది. ఆయన కంటి కింద తడి వానదో కాదో నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

"అది దొరికిచ్చి, నేనొచ్చేదాకా కూసోనుండ్యనేమో," అన్నాడు.

నేను దాచుకున్న మాటల్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు. ఆయన గొర్రెను భుజాన వేసుకోబోతుంటే ఆపాను.

"నేను మోస్తా మామా. నువ్వు దీన్ని పట్టుకో," అని తాడు ఆయన చేతిలో పెట్టాను.

ముందు మామ, ఆయన పక్కన నల్లది, వెనక గొర్రెను మెడ మీద వేసుకుని నేను. అట్లా గుట్ట దిగాం. గొర్రె నెత్తురు నా రవికె మీదుగా నడుం దాకా కారింది. నా పెండ్లి ఊరేగింపులో కూడా నేను అంత గర్వంగా నడవలేదు. నా ముందర నడుస్తున్నది నేను నేర్పిన కుక్క. దాని తాడు పట్టుకుని నడుస్తున్నది, మంద విషయంలో ఎవరి మాటా వినని మా మామ.

పరుపు బండ దాటాక ఆయన వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఏమ్మీ, ఈ జాడ పట్టే యిద్దె ఇంకొకరికి నేర్పేకి అయితాదా?"

"ఎందుక్కాదు? తల్లి మళ్ళా ఈ యేడు పిల్లలు పెడతాది. దాంట్లో మంచిది ఏరుకుందాం."

"కుక్కకు కాదు. నాకు."

గొర్రె బరువుతో వంగి ఉన్నదాన్ని అట్లాగే నిలబడిపోయాను. గొర్రెను మెడ మీద సర్దుకుని, నాకు చేతనైనంత మామూలుగా చెప్పాను.

"నేర్పుతా. మొదలు ఆ తాడు అంత బిగించి పట్టుకోవద్దు మామా, దానికి మెడ నొస్తాది."

"ఊ," అని ఆయన తాడు వదులు చేశాడు.